వృత్తం మీద ఇంటిగ్రల్ వస్తే ముందు కేంద్రం చూడండి

గేట్, నెట్ మ్యాథ్స్‌కి చదివేవాళ్లు ఇది తప్పకుండా వాడండి. వృత్తం మీద ఇంటిగ్రల్ ఇస్తే వెంటనే సబ్‌స్టిట్యూషన్‌లోకి దిగకండి. ఫంక్షన్ వృత్తం లోపలా, అంచు మీదా హార్మోనిక్ అయితే (అంటే దాని లాప్లాసియన్, ఎక్స్, వైల పరంగా రెండో డెరివేటివ్‌ల మొత్తం, సున్నా అయితే) అంచు మీది సగటు అంటే కేంద్రం దగ్గరి విలువే.

లాగ్ (5 − 4 కాస్ తీటా) తీసుకోండి. 5 − 4 కాస్ తీటా అనేది యూనిట్ వృత్తం మీది బిందువుకీ (2, 0)కీ మధ్య దూరం వర్గం. ఆ దూరం లాగ్ (2, 0) దగ్గర తప్ప అంతటా హార్మోనిక్, ఆ బిందువేమో వృత్తం బయట ఉంది. కేంద్రం నుంచి దూరం 2, వర్గం 4. సగటు లాగ్ 4, అంతే! రెండు పైలతో గుణిస్తే 0 నుంచి పూర్తి చుట్టుకి ఇంటిగ్రల్ వచ్చేస్తుంది.

ఒక్క జాగ్రత్త. (1/2, 0) నుంచి దూరం వర్గాన్ని 4తో గుణించినా ఇదే 5 − 4 కాస్ తీటా వస్తుంది. అలా చూస్తే కేంద్రం దగ్గర లాగ్ 1, అంటే సున్నా. అది తప్పు జవాబు, ఎందుకంటే లాగ్ చెడిపోయే బిందువు (1/2, 0) వృత్తం లోపలే ఉంది. చాలామంది ఇక్కడే మార్కులు పోగొట్టుకుంటారు.

ఇక హార్మోనిక్ అని నిరూపించడానికి ఒక్క కేంద్రం చూస్తే చాలదు. ఎక్స్ ఘనానికి మూలబిందువు చుట్టూ ఏ వృత్తం మీదైనా సగటు సున్నాయే, అయినా దాని లాప్లాసియన్ 6ఎక్స్. ఫంక్షన్ కంటిన్యుయస్ అయి, ప్రతి బిందువు చుట్టూ చిన్న వృత్తాలన్నిటి మీదా సగటు సరిపోతే అప్పుడు ధైర్యంగా రాయొచ్చు.