టీడాప్ వేయించుకున్నాక వచ్చే ఇబ్బందులు: ఏది సూది వల్ల, ఏది కాదు

పుట్టబోయే బిడ్డను కోరింత దగ్గు నుంచి కాపాడడానికి గర్భిణికి 27 నుంచి 36 వారాల మధ్య వేసే టీకా టీడాప్. ధనుర్వాతం, కంఠసర్పి, కోరింత దగ్గు మూడింటికీ కలిపి ఇది ఒకే సూది. పీహెచ్‌సీలోనో ఏఎన్‌ఎం దగ్గరో ఉచితంగా వేసేది టీడీ. అందులో కోరింత దగ్గుకు సంబంధించిన భాగం ఉండదు. టీడాప్ కావాలంటే విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లి బూస్ట్రిక్స్, అడాసెల్ వంటి పేర్లతో దొరికేదాన్ని డబ్బు పెట్టి వేయించుకోవలసి వస్తుంది. అలా డబ్బు పెట్టి మరీ వేయించుకున్న సూదికి ఆ రాత్రి ఒళ్లు వెచ్చబడితే, ఇంట్లో వాళ్లకు ఎందుకు వేయించామా అన్న బెంగ పట్టుకోవడం సహజం.

ఏడో నెల నుంచి గర్భిణి ఒంట్లో తలెత్తే ప్రతి ఇబ్బందినీ సూది ఖాతాలో వేసేయడమే ఇక్కడ అసలు ప్రమాదం. టీకా వల్ల వచ్చే బాధలు దాదాపు అన్నీ వేసిన రోజునో మర్నాడో మొదలై, రెండు మూడు రోజుల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. ఆ గడువు దాటి వచ్చినదానికీ, రోజురోజుకూ పెరిగేదానికీ వేరే కారణం వెతకాలి.

చెయ్యి నొప్పి, వాపు, గడ్డ

పెద్దవాళ్లలో ముగ్గురిలో ఇద్దరికి సూది వేసిన చోట నొప్పి ఉంటుంది, అయిదుగురిలో ఒకరికి ఎర్రబడడమో వాపో కనిపిస్తుంది. శరీరం టీకాను గుర్తించి స్పందించడమే దీనికి కారణం కాబట్టి కంగారు అక్కర్లేదు. చల్లటి నీళ్లలో తడిపి పిండిన గుడ్డను పది నిమిషాల చొప్పున వేసి, చేతిని మామూలుగా ఆడిస్తూ ఉంటే చాలు. సున్నం పట్టు వేయడం, ఉప్పు కాపడం పెట్టడం, బామ్ రాసి గట్టిగా మర్దన చేయడం మన ఇళ్లలో అలవాటే అయినా, ఇవేవీ వద్దు. చర్మం కమిలి, ఎరుపు టీకాదో కాపడానిదో డాక్టరుకు కూడా తేల్చడం కష్టమవుతుంది. ఈ వారాల్లోనే శ్రీమంతం కూడా వస్తుంది కనుక ఒక చిన్న జాగ్రత్త: సూది వేయించుకున్న చేతికి బిగుతు చేతుల జాకెట్టు తొడిగితే దండ దగ్గర కుట్టు నొక్కుకుపోయి వాపు మరింత సలుపుతుంది, కాబట్టి వేడుకకు నాలుగైదు రోజుల ముందే టీకా వేయించుకోవడం మేలు.

వాపు మోచేయి దాకా దిగితే, ఈమధ్యే టీటీనో టీడీనో వేశారేమో కార్డు తీసి చూడాలి. ధనుర్వాతం టీకా దగ్గర దగ్గరగా పడినప్పుడు కొందరికి చెయ్యి ఎక్కువగా వాచే అవకాశం ఉంది. ఇదీ తగ్గిపోయేదే, కానీ డాక్టరుకు చూపించాలి. అసలు టీడీ రెండు డోసుల్లో ఒకదాని బదులు టీడాప్ వేయవచ్చు కాబట్టి, ప్రభుత్వ కార్డునూ ప్రైవేటు ఫైలునూ వేర్వేరు సంచుల్లో దాచకుండా రెండు చోట్లా రెండూ చూపిస్తే ఈ తంటా రాదు.

నొప్పి పోయాక చర్మం కింద గోళీలా చిన్న గడ్డ కొన్ని వారాలు మిగలవచ్చు. టీకాలో కలిపే అల్యూమినియం లవణం వల్ల అలా అవుతుంది, దాన్ని నొక్కి చూడకుండా వదిలేయాలి. అదే గడ్డ వేడిగా, ఎర్రగా పెరుగుతూ చీము పడుతున్నట్టుంటే ఇన్ఫెక్షన్ అని అనుమానించి ఆసుపత్రికి వెళ్లాలి. చెయ్యి పైకి ఎత్తలేనంత భుజం నొప్పి వారాలు దాటినా తగ్గకపోతే సూది కండలో కాక మరీ పైన కీలు దగ్గర పడి ఉండవచ్చు. ఇది అరుదు, దీనికి ఎముకల డాక్టరును కలవాలి.

జ్వరం, ఒళ్లు నొప్పులు

నీరసం, ఒళ్లు నొప్పులు చాలామందికి వస్తాయి. అయితే ఈ టీకా వేసుకున్న పెద్దవాళ్లలో 100.4 డిగ్రీలు దాటిన జ్వరం నూటికి ఒకరికే వస్తుంది. అందువల్ల ఒళ్లు కాలుతోందని చేత్తో తాకి చెప్పడం కాదు, థర్మామీటరు పెట్టి చూడాలి. మే నెలలో బెజవాడ ఎండకు ఆటోలో వచ్చిన మనిషి ఒళ్లు ఎలాగూ వేడిగానే ఉంటుంది; అరగంట నీడపట్టున కూర్చోబెట్టి, నీళ్లో మజ్జిగో తాగించి, అప్పుడు చూడాలి.

జ్వరం నిజమే అయితే పారాసెటమాల్ గర్భిణులు వాడదగిన మందు. ఎంత మోతాదు, ఎన్ని గంటలకు అన్నది సూది వేయించుకున్న రోజే డాక్టరును అడిగి చీటీ మీద రాయించుకోవాలి. మందుల షాపులో 'జ్వరానికి ఏదైనా ఇవ్వండి' అని అడగడం దగ్గరే పొరపాటు జరుగుతుంది. కాంబిఫ్లామ్ వంటి బిళ్లల్లో పారాసెటమాల్‌తో పాటు ఐబుప్రొఫెన్ కూడా ఉంటుంది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మందులు 20 వారాల తర్వాత ఉమ్మనీటిని తగ్గించగలవు, చివరి నెలల్లో బిడ్డ గుండె దగ్గరి ఒక రక్తనాళాన్ని ముందుగానే మూసేయగలవు. ఇలా చూస్తే సూది కంటే సూదికని వేసుకున్న బిళ్లే హాని చేసే అవకాశం ఎక్కువ.

రెండు రోజులు దాటినా తగ్గని జ్వరం, చలితో వణికించే జ్వరం, మూత్రంలో మంటతో వచ్చే జ్వరం టీకావి కావు. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలేరియా, వానలు పడ్డాక డెంగీ: ఈ మూడూ మన ప్రాంతంలో ముందుగా పరీక్షించవలసినవి. డాక్టరుకు సూది సంగతి తప్పక చెప్పాలి, కానీ కారణం అదేనని మనమే తీర్పు చెప్పేయకూడదు.

కళ్లు తిరిగి పడిపోవడం, దద్దుర్లు

ఈ రెండింటినీ వేరుచేసి చూడాలి. ఉదయం ఏమీ తినకుండా ఓపీ వరుసలో గంటలు నిలబడిన గర్భిణికి సూది చూడగానే ముఖం పాలిపోయి, చెమటలు పట్టి కళ్లు తిరగవచ్చు. అది సొమ్మసిల్లడమే, ఎడమ పక్కకు తిప్పి పడుకోబెడితే కొద్ది నిమిషాల్లో తేరుకుంటారు. వెల్లకిలా పడుకోబెట్టకూడదు, బరువెక్కిన గర్భసంచి పెద్ద రక్తనాళాన్ని నొక్కి బీపీ ఇంకా పడిపోతుంది.

ఒళ్లంతా దద్దుర్లు లేచి, పెదవులో నాలుకో వాచి, గొంతు పట్టేసి, పిల్లికూతలతో ఊపిరి ఆడకపోవడం మాత్రం తీవ్రమైన అలర్జీ. పది లక్షల డోసుల్లో సుమారు ఒకరికి వచ్చే ఈ స్థితి చాలావరకు కొద్ది నిమిషాల నుంచి గంటలోపు బయటపడుతుంది. దీనికి మందు వెంటనే తొడకు వేసే ఎడ్రినలిన్ ఇంజెక్షన్. ఆసుపత్రిలో అరగంట కూర్చోమనేది ఇందుకే. బయటికి వచ్చేశాక ఇలా అయితే ఇంటికి కాదు, 108కి ఫోన్ చేసి వెనక్కి ఆసుపత్రికే వెళ్లాలి.

తలనొప్పి, కడుపునొప్పి, బిడ్డ కదలికలు

టీకా తర్వాత పది మందిలో ముగ్గురికి తలనొప్పి, ఒకరికి వికారం రావచ్చు. విశ్రాంతితో, పారాసెటమాల్‌తో మర్నాటికి సర్దుకుంటాయి. కానీ ఇవే వారాల్లో బీపీ పెరిగి గుర్రపు వాతానికి (గర్భిణికి వచ్చే ఫిట్స్‌కు) దారితీసే జబ్బు కూడా తలనొప్పితోనే మొదలుకావచ్చు. తలనొప్పి తగ్గకపోయినా, చూపు మసకబారినా, కుడి డొక్క పైభాగంలో నొప్పి వచ్చినా, ముఖమూ చేతులూ వాచి గాజులు ఒక్కసారిగా బిగుసుకుపోయినా అదే రోజు బీపీ చూపించాలి. పై అంకె 140 గానీ కింది అంకె 90 గానీ చేరితే, సూది ఎప్పుడు వేయించుకున్నారన్న లెక్కతో పనిలేదు.

టీకా బిడ్డ కదలికలను తగ్గించదు. కదలికలు తగ్గినట్టు అనిపిస్తే ఎడమ పక్కకు పడుకుని లెక్కపెట్టాలి. రెండు గంటల్లో పదికి తక్కువైతే తెల్లవారే దాకా ఆగకుండా కాన్పుల ఆసుపత్రికి వెళ్లాలి. ఉమ్మనీరు పోవడం, రక్తం కనబడడం, పొట్ట గట్టిపడి విడిచి విడిచి నొప్పులు రావడం కూడా ఇలాంటివే. టీకా వల్ల నెలలు నిండకుండా కాన్పు జరిగే అవకాశం పెరిగినట్టు పరిశోధనల్లో తేలలేదు.

దగ్గు

ఈ టీకాలో బతికిన సూక్ష్మజీవులు లేవు, అందువల్ల దాని నుంచి కోరింత దగ్గు రాదు. సూది తర్వాత దగ్గు మొదలైతే జలుబో, గర్భిణులకు సాధారణమైన పుల్లటి తేన్పులో కారణం కావచ్చు. రెండు వారాలు దాటితే కళ్లె పరీక్ష చేయించాలి.

తర్వాతి గర్భానికి ముందు

ఈ టీకాను ప్రతి గర్భంలోనూ మళ్లీ వేయించుకోమంటారు, ఎందుకంటే తల్లి రక్షణ శక్తి ఏళ్ల తరబడి అదే స్థాయిలో నిలవదు. కిందటిసారి తీవ్రమైన అలర్జీ వచ్చినవారు, కోరింత దగ్గు టీకా పడిన వారంలోపు మెదడుకు సంబంధించిన జబ్బు చేసినవారు దీన్ని మళ్లీ వేయించుకోకూడదు. ధనుర్వాతం టీకా వేసిన ఆరు వారాల్లో కాళ్లూ చేతులూ చచ్చుబడిన గిల్లన్ బారే జబ్బు వచ్చినవారు డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలి. చెయ్యి వాచడం, ఒకరోజు జ్వరం రావడం మానేయడానికి కారణాలు కావు. అమెరికాలో లెక్కల ప్రకారం, ఇలా తల్లికి వేసిన టీకా రెండు నెలల లోపు శిశువుల్లో కోరింత దగ్గును 78 శాతం తగ్గించింది. మన దగ్గర బిడ్డకు మొదటి పెంటావాలెంట్ (కోరింత దగ్గుతో సహా అయిదు జబ్బులకు కలిపి వేసే టీకా) డోసు పడేది ఆరో వారంలో. తల్లికి టీకా పడినా ఆ డోసులు వాయిదా వేయకుండా 6, 10, 14 వారాల్లోనే వేయించాలి.