ఏ గోడకు ఏ పెయింటు: ఓరుగల్లు ఎండకు, వానకు నిలిచేలా ఇంటికి రంగులు

రంగుల దుకాణానికి పోగానే చేతిలో షేడ్ కార్డు పెడతారు. చాలా ఇళ్లలో లెక్క అక్కడే తప్పుతుంది. ఏ రంగు అన్నది ఆఖరున తేల్చుకోవాల్సిన మాట. గోడలో తడి ఎంతుంది, దాని మీద ఇప్పటికే ఏం వేసి ఉంది, ఎండ ఏ పక్క నుంచి కొడుతుంది, వాన జల్లు ఎంత ఎత్తు దాకా తగులుతుంది, ఇవి ముందు తెలియాలి. హన్మకొండలో ఒకే ఇంటి పడమటి గోడ వెలిసిపోతుంటే ఉత్తరపు గోడ పాచి పడుతుంటుంది. రెండింటికీ ఒకే డబ్బా తెస్తే ఒకదానికి అన్యాయం చేసినట్టే.

గోడను ముందు చూడండి

చెమ్మ ఉందో లేదో చేతితో తడిమితే తెలియదు. అడుగున్నర పొడవు, అంతే వెడల్పున్న పాలిథీన్ కవరు ముక్కను గోడకు పెట్టి, నాలుగు అంచులూ గాలి దూరకుండా టేపుతో అంటించి ఒక రోజంతా వదిలేయండి. తీసేటప్పుడు కవరుకు గోడవైపు నీటి చుక్కలు ఉన్నా, ఆ చోట గోడ ముదురు రంగుకు తిరిగినా లోపల తడి ఉన్నట్టే. ఆ గోడకు ఎంత ఖరీదైన పెయింటు వేసినా ఒక వానాకాలం గడిచేసరికి పొక్కులు లేస్తాయి. పెయింటు పొర లోపలి తడిని బయటికి పోనివ్వదు, తడి దాన్ని వెనక నుంచి తోస్తుంది.

మరక ఉన్న చోటే కారణం చెబుతుంది. నేల నుంచి రెండు మూడు అడుగుల దాకా ఉంటే పునాది తడి. బాత్‌రూం వెనక గోడకే ఉంటే పైపు గానీ టైల్స్ సందులు గానీ. స్లాబు మూలల్లో ఉంటే పైన పిట్టగోడ మొదట్లో పగులు ఉంటుంది. ముందు దాన్ని బాగు చేయించి, గోడ ఆరాక మళ్లీ కవరు పరీక్ష పెట్టండి.

గోడకు తెల్లగా చౌడు పొడి తేలితే నీళ్లతో కడగొద్దు. ఆ ఉప్పు కరిగి తిరిగి గోడలోకే పోతుంది. పొడి బ్రష్‌తో దులిపి, పొడిని ఊడ్చేయండి. ప్లాస్టరు గుల్లబారి ఉంటే ఇటుక దాకా చెక్కించి, ఆరనిచ్చి, 50 కిలోల సిమెంటు బస్తాకు 200 మి.లీ. వాటర్‌ప్రూఫ్ లిక్విడ్ కలిపి కొత్త ప్లాస్టరు చేయించండి. పునాది మీద తడిని ఆపే పొర లేని పాత ఇళ్లలో మాత్రం ఈ ప్లాస్టరు తడిని ఇంకొంచెం పైకి ఎక్కించవచ్చు. అటువంటి గోడలకు సున్నమే మేలు. సున్నం గోడను ఊపిరాడనిస్తుంది, ఏటా దసరాకో సంక్రాంతికో మళ్లీ వేసుకోవడం కూడా తేలిక.

కొత్త ప్లాస్టరుకు కనీసం 28 రోజులు ఆగాలి. తొందరపడితే సిమెంటులోని క్షారం పైకి వచ్చి రంగును మచ్చలు మచ్చలుగా తినేస్తుంది.

పాత గోడ మీద ఏముందో తెలియకపోతే తడి నల్లగుడ్డతో గట్టిగా రుద్దండి. గుడ్డకు పొడి అంటితే సున్నమో, డిస్టెంపర్ అనే చౌక నీళ్ల రంగో. దాన్ని పూర్తిగా గీకకుండా ఎమల్షన్ (నీళ్లు కలిపి వేసే ప్లాస్టిక్ పెయింటు) వేస్తే ఆ పొడితో కలిసి పెచ్చులుగా ఊడొస్తుంది. గోడ మెరుస్తూ నీళ్లు జారిపోతుంటే అది ఆయిల్ పెయింటు. దాని మెరుపు పోయేదాకా 180 నంబరు గరుకు కాయితంతో రుద్దాలి. ఇక్కడ ఒక జాగ్రత్త. ఇళ్ల పెయింట్లలో సీసం పది లక్షల వంతులకు 90 వంతులు దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన ఆయిల్ పెయింటును పొడిగా రుద్దొద్దు. తడిపి రుద్దండి, మాస్కు పెట్టుకోండి, పిల్లలను ఆ అర్రలోకి రానివ్వొద్దు.

లప్పం

లోపలి గోడ అందం నూటికి డెబ్బై వంతులు గోడను నున్నగా చేసే లప్పం (పుట్టీ) లోనే ఉంటుందంటే అతిశయం కాదు. లప్పం రెండు రకాలు. వైట్ సిమెంటు లప్పం పొడిగా, 20, 40 కిలోల బస్తాల్లో వస్తుంది, బయటా లోపలా పనికొస్తుంది. అక్రిలిక్ లప్పం ముద్దగా డబ్బాలో వస్తుంది. అది లోపలికే, చెమ్మకు అసలు ఆగదు.

సిమెంటు లప్పం పెట్టేముందు గోడను గీకి, దులిపి, నీళ్లు చల్లాలి. కారేంత కాదు, ముదురు రంగు వచ్చేంత చాలు. పొడి గోడ లప్పంలోని నీటిని పీల్చేస్తే అది గట్టిపడక పిండిలా రాలుతుంది. కిలో లప్పానికి 360 నుంచి 400 మి.లీ. నీళ్లు. నీళ్లలో పొడి పోస్తూ కలపండి, ఉండలు కట్టదు. పది నిమిషాలు ఆగి మళ్లీ కలిపి, రెండు మూడు గంటల్లో వాడేయండి. బిగుసుకున్న లప్పంలో నీళ్లు పోసి మళ్లీ లేపడం పని చివరన తరచూ జరుగుతుంది. ఆ గోడే ఏడాదిలోపు పెచ్చు లేస్తుంది. బోరు నీళ్లు ఉప్పగా ఉన్న చోట లప్పానికి, పెయింటుకు మిషన్ భగీరథ నల్లా నీళ్లు వాడండి.

రెండు కోట్లూ కలిపి ఒకటిన్నర మిల్లీమీటరు దాటకూడదు. గుంట లోతుగా ఉంటే దాన్ని సిమెంటుతో నింపాలి గానీ లప్పంతో కాదు. రెండో కోటు ఆరాక, రాత్రిపూట ఫోను లైటును గోడకు ఆనించి పక్కనుంచి వెలుతురు పారించండి. పగలు కనపడని ఎత్తుపల్లాలన్నీ నీడలు పడి బయటపడతాయి. పెన్సిలుతో గుర్తు పెట్టి, పొద్దున ఆ చోట్లను మళ్లీ రుద్దించండి. తర్వాత పెయింటుకు ముందు అడుగున వేసే వాటర్ ప్రైమరు ఒక కోటు తప్పదు. ప్రైమరు లేని లప్పం పెయింటును ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ తాగుతుంది, గోడ అతుకుల బొంతలా కనిపిస్తుంది.

వైట్ సిమెంటు లప్పం కింద ప్రైమరు వేయాలా అని చాలామంది అడుగుతారు. అక్కర్లేదు, అది నేరుగా ప్లాస్టరును పట్టాలి. అక్రిలిక్ లప్పమైతే కింద ఒక కోటు, పైన ఒక కోటు ప్రైమరు ఉండాలి.

లోపలికి ఏ పెయింటు, ఎంత మెరుపు

డిస్టెంపర్ చౌక. కిరాయికిచ్చే అర్రలకు, స్టోర్ రూంకు సరిపోతుంది. తడిగుడ్డతో తుడిస్తే మరకతోపాటు రంగూ వస్తుందని తెలిసి వేసుకోండి. ఎమల్షన్‌లో మూడు మెట్లు ఉంటాయి. పైకప్పుకు అన్నిటికన్నా తక్కువ ధరది చాలు, దాన్ని ఎవరూ ముట్టుకోరు. పడకగదికి నడిమి రకం. ఖరీదైనది, కడిగినా ఆగేది మాత్రం వంటింటికి, పిల్లలు తిరిగే చోటికి, మెట్ల పక్క గోడకు పెట్టండి. ఇల్లంతా ఒకే ఖరీదైన రకం వేయడం కన్నా ఆ డబ్బు బయటి గోడలకు పెడితే లాభం.

మెరుపు ఎక్కువైతే మరక తేలిగ్గా పోతుంది, కానీ గోడ వంకరలన్నీ చూపిస్తుంది. మెరుపు లేని మ్యాట్ వంకరలు దాస్తుంది, చేతి జిడ్డును మాత్రం దాచదు. అందుకే పైకప్పు ఎప్పుడూ మ్యాట్ తెలుపు. పెద్ద కిటికీ పక్కనుంచి వెలుతురు పారే పొడవాటి హాలు గోడకు, లప్పం పని ఎంత బాగున్నా, మ్యాట్ గానీ సన్నని మెరుపు గానీ దాటొద్దు. వంటింటికి, భోజనాల బల్ల పక్క గోడకు ఓ మోస్తరు మెరుపుండే శాటిన్. తర్వాత ఎక్కడైనా రంగు అద్దాల్సి వస్తే మ్యాట్‌లో కలిసిపోతుంది, శాటిన్‌లో మచ్చ కనబడుతుంది. కాబట్టి శాటిన్ గోడకు అద్దడం కాదు, మూల నుంచి మూల దాకా మొత్తం వేయాల్సిందే.

బయటి గోడలు

మన పాత ఇళ్లకు గోడంతా సున్నం వేసి కింద రెండడుగులు జాజు పట్టీ పెట్టేవారు. అది అలంకారమే కాదు. చూరు నీళ్లు వాకిట్లో పడి ఎర్రమట్టి ఎగిరేది ఆ ఎత్తు దాకానే. ఇప్పటి ఇళ్లకూ ఆ లెక్క పనిచేస్తుంది. నేల నుంచి రెండడుగులు ఇటుకరంగో ముదురు బూడిదరంగో పెడితే నాలుగు వానలకే గోడ మొదలు మురికిగా కనబడదు.

బయట లోపలి ఎమల్షన్ వేయకూడదు, ఎండకు పొడిబారి రాలిపోతుంది. బయటికి ఎక్స్‌టీరియర్ ఎమల్షనే. ప్రహరీకి మాత్రం స్నోసెం అని జనం పిలిచే సిమెంటు పెయింటు సరిపోతుంది. దాన్ని తడి గోడ మీదే వేయాలి, వేశాక మర్నాడు నీళ్లు కొట్టాలి. ఉత్తరపు గోడ పాచిని గీకి, బ్లీచు ఒక వంతుకు మూడు వంతుల నీళ్లు కలిపి పూసి, ఇరవై నిమిషాలాగి కడిగి ఆరనివ్వండి. పాచి చంపకుండా వేస్తే అది కొత్త రంగులోంచీ పైకి వస్తుంది. బ్లీచుతో యాసిడ్ ఎట్టి పరిస్థితిలోనూ కలపొద్దు, విషవాయువు వస్తుంది.

సజ్జల కింద నల్లని చారలు పెయింటు తప్పు కాదు. సజ్జ కింది అంచుకు నీళ్లు తెగిపడే గాడి లేకపోతే, పైన పేరుకున్న దుమ్ము వానతో గోడ మీదుగా కారుతుంది. గాడి పెట్టించండి. రామగుండం, మందమర్రి, భూపాలపల్లి వైపు బొగ్గు దుమ్ము ఉన్న చోట్ల ఇది మరీ అవసరం. అక్కడ పాలతెలుపు జోలికి పోకుండా లేత బూడిదరంగో గోధుమరంగో ఎంచుకుంటే మేలు. దుమ్ము తక్కువ పట్టే మెరుపు రకం తీసుకోండి.

రంగుల్లో తంగేడు పసుపు, గులాబీ, వంకాయరంగు లాంటి గాఢమైనవి బయట త్వరగా వెలుస్తాయి. జాజు, గేరువా, గోధుమ, బూడిద రంగుల్లో వాడేవి ఎక్కువగా ఇనుప ఆక్సైడు లాంటి ఖనిజాలు, అవి ఎండకు ఆగుతాయి. తంగేడు పసుపు మీద మనసుంటే ఎండ పడని వరండా లోపలి గోడకు వేసుకోండి. పడమటి గోడకు ముదురు రంగు వేస్తే మే నెల సాయంత్రం ఆ వేడంతా లోపలికే.

డాబా మీద మామూలు బయటి ఎమల్షన్ వేయొద్దు. నిలిచిన నీటికి లేచిపోతుంది. దానికి వేడిని తిప్పికొట్టే కూల్ రూఫ్ పూత వేరే ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికి ఒక విధానమే ప్రకటించింది. అంత ఖర్చు వద్దనుకుంటే ఎండాకాలం ముందు జిగురు కలిపిన సున్నం రెండు కోట్లు.

షేడ్ ఎంచుకోవడం

కార్డు మీది చిన్న ముక్క కంటే గోడ మీద రంగు ముదురుగా వస్తుంది. నాలుగు గోడలూ ఒకదాని రంగు ఒకదాని మీద పారిస్తాయి. నచ్చిన దానికన్నా ఒక మెట్టు లేతది తీసుకోండి. రెండడుగుల చదరం గోడ మీద రెండు కోట్లు వేసి పొద్దున, మూడింటికి, రాత్రి లైట్ల కింద చూడండి. తెల్లటి ఎల్‌ఈడీ కింద మీగడ రంగు పాలిపోయినట్టుంటుంది, పసుపు వెలుగు లైటు కింద లేత నీలం కాస్త ఆకుపచ్చకు తిరుగుతుంది. ఎండ రాని అర్రకు గంధం, మీగడ లాంటివి, ఎండ బాగా వచ్చే అర్రకు పిస్తా, లేత బూడిద లాంటివి.

గాఢమైన ఎరుపు, పసుపులు కింద ఉన్నదాన్ని సరిగా కప్పవు. దుకాణంలో రంగు కలిపే మిషన్‌లో ఆ షేడ్లకు తెల్ల పిగ్మెంటు తక్కువున్న బేస్ వాడతారు. మూడో కోటుకు ముందే లెక్క వేసుకోండి.

ఎంత కావాలి

పన్నెండు పది అడుగుల అర్ర, పది అడుగుల ఎత్తు. చుట్టుకొలత 44, గోడలు 440 చదరపు అడుగులు. దర్వాజ, కిటికీ తీసేస్తే 400. లప్పం పెట్టిన గోడకు లీటరు ఎమల్షన్ రెండు కోట్లకు సుమారు 100–120 అడుగులు వస్తుంది, అంటే నాలుగు లీటర్ల డబ్బా ఒకటి. పైకప్పు 120, లీటరుకు కొంచెం ఎక్కువ. బయట గరుకు గోడకు లీటరుకు 50–60 అడుగులే. లప్పం గోడను బట్టి కిలోకు 12–15 అడుగులు. ఒక షేడ్ డబ్బాలన్నీ ఒకేసారి కొని, పెద్ద బకెట్లో కలిపి వాడండి. బ్యాచ్ మారితే రంగులో వెంట్రుకవాసి తేడా వస్తుంది, అది గోడ మధ్యలోనే కనబడుతుంది.

డబ్బాలో పెయింటర్లకు కంపెనీ ఇచ్చే బహుమతి టోకెన్లు ఉండటం మామూలే. ఏ రకం మంచిదని అడిగినప్పుడు ఆ సంగతి గుర్తుంచుకుంటే చాలు, తగాదా అక్కర్లేదు. గట్టిగా చూడాల్సింది నీళ్ల కలపడం. లోపలి ఎమల్షన్లకు రకాన్ని బట్టి నూటికి 40–60 వంతులు ఉంటుంది, డబ్బా మీద రాసినంతే కొలిచి పోయించండి. పలచబడిన రెండు కోట్లు ఒక కోటుతో సమానం. కోటుకు కోటుకు మధ్య నాలుగు గంటలు ఆగాలి.

బయటి పనికి దసరా తర్వాత నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఎండాకాలంలో తప్పనిసరైతే నీడ వెంట తిరగండి: పొద్దున పడమటి గోడ, మధ్యాహ్నం దాటాక తూర్పు గోడ. కాలే గోడ మీద బ్రష్ కదిలేలోపే పెయింటు ఆరిపోయి చారలు మిగులుతాయి.

ఇనుప గ్రిల్స్‌కు తుప్పును వైరు బ్రష్‌తో తీసి, అదే రోజు రెడ్ ఆక్సైడ్ ప్రైమరు, ఆరాక ఎనామిల్ (ఆయిల్ పెయింటు) రెండు కోట్లు, నడుమ ఒక రాత్రి. తలుపులకు వుడ్ ప్రైమరు, ఎనామిల్. ఎండ పడే టేకు దర్వాజకు పాలిష్ కావాలంటే బయటికి పనికొచ్చే పీయూ (పాలీయురెథేన్) రకమే, మెలమిన్ లోపలికి. గడప పసుపుకూ ఎనామిలే, రోజూ కడిగినా ఆగుతుంది.

పని అయ్యాక నెల రోజులు గోడలను తడిగుడ్డతో రుద్దొద్దు, పొర ఇంకా గట్టిపడుతుంటుంది. మిగిలిన పెయింటును నిండుగా పట్టే చిన్న సీసాలో పోసి, మూత బిగించి, షేడ్ నంబరు, ఏ అర్రదో, ఏ తేదీన వేశారో పైన రాసి పెట్టండి.