కూలెంట్ మార్చాక చిక్కుకున్న గాలిని ఎలా తీయాలి?

కారు ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవమే కూలెంట్. పాతది వదిలేసి కొత్తది పోయడం చాలామంది ఇంటి దగ్గరే చేసుకోగల పని. కానీ నిండుగా కనపడగానే మూత బిగించి రోడ్డెక్కితే ఇంజిన్‌కి ప్రమాదం. పాతది ఖాళీ అయినప్పుడు ఆ చోటంతా గాలి చేరుతుంది. కొత్తది పోస్తున్నప్పుడు కొంత గాలి బయటికి వస్తుంది, మిగతాది ఇంజిన్‌కి పైన మూతలా ఉండే సిలిండర్ హెడ్‌లోనో, హీటర్ పైపుల్లోనో నిలిచిపోతుంది. మెకానిక్‌లు ఎయిర్ లాక్ అనేది దీన్నే.

పొలంలో మోటారుకి ఎయిర్ పడితే ఏమవుతుందో తెలిసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది: మోటారు తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు మాత్రం రావు. కారులోని వాటర్ పంపుదీ అదే రకం. లోపల గాలి ఉంటే అది నెట్టలేదు. కూలెంట్ ఆగిన చోట, ముఖ్యంగా ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టూ, లోహం విపరీతంగా వేడెక్కుతుంది. ఇప్పటి ఇంజిన్లలో ఎక్కువగా హెడ్ అల్యూమినియందే. అది వంగితే దాని కింద సీలులా ఉండే హెడ్ గ్యాస్కెట్ పోతుంది, ఖర్చు వేలల్లోకి వెళ్తుంది. పైగా టెంపరేచర్ సెన్సర్ ఆ గాలి బుడగలోనే ఉండిపోతే మీటరు సరైన వేడి చూపించదు. అందుకే ముల్లు మామూలుగా ఉంది కదా అని ధీమాగా ఉండకూడదు.

గాలి ఉందని ఎలా తెలుస్తుంది? డ్యాష్‌బోర్డు వెనక నీళ్లు పారుతున్నట్టు గుడగుడ చప్పుడు, ముల్లు పైకీ కిందికీ ఊగడం, ఇంజిన్ వేడెక్కినా హీటర్ నుంచి చల్లగాలే రావడం (హీటర్‌కి వేడి అందేది కూలెంట్ నుంచే). మన ఎండల్లో హీటర్ వేసే అవసరమే రాదు కాబట్టి ఈ మూడో గుర్తు ఏళ్ల తరబడి ఎవరి కంటా పడదు. నా దృష్టిలో నమ్మదగ్గ పరీక్ష మాత్రం అదే.

మొదలుపెట్టే ముందు

బండితో వచ్చిన మాన్యువల్ తీసి రెండు విషయాలు చూడండి. ఒకటి, మీ కారుకి రేడియేటర్ మీదే మూత ఉందా, లేక ఒత్తిడితో పనిచేసే ప్లాస్టిక్ ట్యాంకుకి మాత్రమే మూత ఉందా? రెండు, గాలి వదలడానికి బ్లీడ్ స్క్రూ ఎక్కడైనా ఇచ్చారా? సాధారణంగా అది థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్‌కి దారి తెరిచే వాల్వు) దగ్గరో, హీటర్ పైపు మీదో, రేడియేటర్ పై మూలలోనో ఉంటుంది. మాన్యువల్‌లో వేరే పద్ధతి రాసి ఉంటే అదే పాటించండి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్ల జోలికి మాత్రం వెళ్లొద్దు. వాటిలో పంపులు కరెంటుతో తిరుగుతాయి, చాలావాటికి స్కానర్ పెట్టి నడిపిస్తే తప్ప గాలి పోదు.

మీ బండికి తగిన కూలెంట్, గరాటు, మందపాటి గుడ్డ, గ్లవ్స్, టైర్లకు అడ్డం పెట్టే రాళ్లు దగ్గర పెట్టుకోండి. ఆకుపచ్చ, ఎరుపు, నీలం రంగులు చూసి కూలెంట్ ఎంచుకోకండి. రంగు కంపెనీ ఇష్టం, లోపలి రసాయనం ముఖ్యం. నేరుగా పోసుకునే రెడీమిక్స్ అయితే అందులో నీళ్లు కలపొద్దు. చిక్కటిదైతే డబ్బా మీద చెప్పిన పాళ్లలో, ఎక్కువగా సగానికి సగం, డిస్టిల్డ్ వాటర్ కలపండి. బోరు నీళ్లు అస్సలు వద్దు. అందులోని ఉప్పు రేడియేటర్ లోపల పేరుకుపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది కొలత. కిందికి వదిలిన పాత కూలెంట్ ఎన్ని లీటర్లో కొలిచి పెట్టుకోండి. 4 లీటర్లు వచ్చి, కొత్తది 3 లీటర్లకే నిండిపోయిందంటే మిగతా లీటరు చోటులో ఉన్నది గాలే. ఈ ఒక్క లెక్క దగ్గరుంటే పని ఎంతవరకు వచ్చిందో తెలుస్తూనే ఉంటుంది.

పని మొత్తం చల్లటి ఇంజిన్ మీద మొదలవ్వాలి

వేడి మీద మూత తీయకూడదు. ఆ మూత ఒత్తిడిని పట్టి ఉంచుతుంది కాబట్టే లోపలి కూలెంట్ 100 డిగ్రీలు దాటినా మరగదు. మూత వదులు చేసిన క్షణంలో అది ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. గుడ్డ అడ్డం పెట్టినా ఆగదు. రాత్రి ఆపిన బండి మీద పొద్దున్నే పని మొదలుపెట్టడం మంచిది.

1. బండిని బయట, గాలి ఆడే చోట పెట్టండి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఈ పని చేయొద్దు, పొగలోని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా రాదు. రేడియేటర్ మూత ముందువైపు ఉంటే బండి ముక్కు కాస్త పైకి ఉండేలా ఏటవాలులో నిలిపి, హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక టైర్ల వెనక రాళ్లు పెట్టండి. గాలి ఎత్తుకే చేరుతుంది, మూతే అన్నిటికన్నా ఎత్తులో ఉంటే దారి దొరుకుతుంది. ట్యాంకు ఇంజిన్ వెనకవైపు ఉన్న కార్లలో ఈ ఏటవాలు ఉపయోగపడదు, సమానంగా ఉన్న నేల చాలు.

2. కీ ఆన్ చేసి హీటర్ నాబ్ పూర్తిగా ఎరుపువైపు తిప్పండి, బ్లోయర్ తక్కువలో పెట్టండి. ఏసీ ఆపేయండి. ఏసీ వేస్తే చాలా కార్లలో రేడియేటర్ ఫ్యాన్ కూడా తిరుగుతుంది, అప్పుడు ఇంజిన్ వేడెక్కి ఫ్యాన్ వచ్చిందో లేదో తెలియదు.

3. బ్లీడ్ స్క్రూ ఉంటే వదులు చేసి కూలెంట్ సన్నటి ధారగా పోయండి. గబగబా పోస్తే గాలి కిందే ఇరుక్కుంటుంది. స్క్రూ దగ్గర బుడగలు ఆగి ఏకధారగా రాగానే బిగించండి. ప్లాస్టిక్ స్క్రూ అయితే ఒత్తిడి పెట్టకండి, విరిగిపోతుంది. ఇంజిన్ ఇంకా చల్లగానే ఉంది కాబట్టి రేడియేటర్ పై పైపునీ కింది పైపునీ చేత్తో నొక్కి వదులుతూ ఉండండి. మూత దగ్గర బుడగలు వస్తాయి, మట్టం దిగుతుంది, మళ్లీ పోయండి.

4. రేడియేటర్ మూత ఉన్న కార్లలో గరాటు అలాగే ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేయండి. ట్యాంకు మూత మాత్రమే ఉన్నవాటిలో మూత తెరిచి ఉంచాలో, బిగించాలో మాన్యువల్ చెప్పినట్టే చేయండి. చున్నీ, వదులు చొక్కా చేతులు, వేళ్లు ఫ్యాన్‌కీ బెల్టుకీ దూరంగా ఉండాలి. ఫ్యాన్ దానంతటదే మొదలవుతుంది, కొన్ని బండ్లలో ఇంజిన్ ఆపాక కూడా తిరుగుతుంది.

5. ఇప్పుడు ఓపిక పట్టాలి. థర్మోస్టాట్ చాలా కార్లలో 82 నుంచి 90 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది. అప్పటిదాకా రేడియేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య దారి దాదాపు మూసే ఉంటుంది. మొదట్లో బుడగలు ఆగాయని మూత పెట్టేయడం అందుకే తప్పు. తెరుచుకోగానే గరాటులో మట్టం ఒక్కసారిగా దిగొచ్చు, బుడగలు మళ్లీ మొదలవుతాయి, రెండు పైపులూ వేడెక్కుతాయి. దిగిన మేరకు పోస్తూ, మధ్యమధ్యలో ఇంకొకరితో యాక్సిలరేటర్ మెల్లగా నొక్కించి 2,000 ఆర్‌పీఎం దాకా రేజ్ చేయించండి. పంపు వేగానికి హీటర్ పైపుల్లో ఉన్న గాలి కదులుతుంది. గరాటులో పొంగు కనపడితే రేజ్ తగ్గించండి.

6. ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా చూడండి. అప్పటికి బుడగలు ఆగి, హీటర్ నుంచి వేడిగాలి విడవకుండా వస్తుంటే గాలి చాలావరకు పోయినట్టే. ఈలోపు ఎప్పుడైనా ముల్లు మామూలు చోటు దాటి ఎరుపువైపు జరిగితే వెంటనే ఇంజిన్ ఆపండి. పూర్తిగా చల్లారాకే మళ్లీ మొదలుపెట్టండి.

7. ఇంజిన్ ఆపి, గరాటు జాగ్రత్తగా తీసి మూత బిగించండి. రేడియేటర్ మూత ఉన్న కార్లలో విడిగా ఉండే రిజర్వ్ ట్యాంకుని మ్యాక్స్ గీత దాకా నింపండి.

మర్నాటి పని

చల్లారేటప్పుడు కూలెంట్ కుంచించుకుపోతుంది. రేడియేటర్ మూతలోని చిన్న వాల్వు అప్పుడు రిజర్వ్ ట్యాంకులోంచి కొంత లోపలికి లాక్కుంటుంది. మిగిలిపోయిన చిన్న బుడగలు ఇలా ఒక్కో వేడి, చల్లదనంతో బయటపడతాయి. కాబట్టి మర్నాడు పొద్దున్న మట్టం తగ్గి ఉంటే కంగారు అక్కర్లేదు, మళ్లీ నింపండి. ఇప్పుడు మొత్తం పోసింది లెక్కేసి, వదిలిన దానితో సరిపోయిందో లేదో చూడండి. మొదటి వారం దూర ప్రయాణం పెట్టుకోకుండా రోజూ పొద్దున్నే ట్యాంకు చూసుకోండి.

పాత కూలెంట్‌లో ఎక్కువగా ఉండేది ఇథిలీన్ గ్లైకాల్. తియ్యగా ఉంటుంది, విషం. కుక్కలు నాకుతాయి, పిల్లలు రంగు చూసి ముట్టుకుంటారు. నేల మీద ఒలికింది వెంటనే కడిగేయండి. పాతదాన్ని డ్రైనేజీలో పోయకుండా మూతున్న డబ్బాలో పట్టి, దాన్ని తీసుకునే వర్క్‌షాప్‌లో ఇవ్వండి.

ఇంత చేసినా బుడగలు ఆగకుండా వస్తూనే ఉంటే అది మిగిలిపోయిన గాలి కాకపోవచ్చు. హెడ్ గ్యాస్కెట్ దెబ్బతిని సిలిండర్‌లోని వాయువు కూలెంట్‌లోకి వస్తుండవచ్చు. సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్లపొగ, ఆయిల్ మూత కింద మీగడ లాంటి తెట్టు, ఎక్కడా కారకుండానే కూలెంట్ తగ్గిపోవడం దానికి గుర్తులు. అప్పుడు బండి నడపకుండా లాగించుకెళ్లి మెకానిక్‌కి చూపించండి. గ్యాస్కెట్ బాగానే ఉండి, గాలి మాత్రం మొండికేస్తే వ్యాక్యూమ్ మిషన్‌తో కూలెంట్ నింపే వర్క్‌షాప్ కోసం అడగండి. ఆ మిషన్ ముందు లోపలి గాలిని లాగేసి, తర్వాత ఆ ఖాళీలోకి కూలెంట్‌ని పీల్పిస్తుంది.