పని లేటైనా ముగింపు తేదీ కదలడం లేదా? షెడ్యూల్లో వెతకాల్సిన చోట్లు

గోడల పని ఇరవై రోజులు వెనకబడింది. షెడ్యూల్ అప్‌డేట్ చేశారు. ప్రాజెక్టు ముగింపు తేదీ మాత్రం పోయిన నెల ఎక్కడుందో అక్కడే ఉంది. షెడ్యూల్ వేసే సాఫ్ట్‌వేర్ ప్రైమవెరా పీ6 అయినా ఎంఎస్ ప్రాజెక్ట్ అయినా, "ఒకసారి చూడండి సార్" అంటూ నాకు పంపే ఫైళ్లలో మళ్లీ మళ్లీ కనబడే జబ్బు ఇదే. ఎఫ్‌ఎస్, ఎస్‌ఎస్, ఎఫ్‌ఎఫ్ లింకులు, ఫ్లోట్, లాగ్ అంటే ఏమిటో మీకు తెలుసనే అనుకుని రాస్తున్నాను. మరిచినవాళ్లకు ఒక్క ముక్కలో: ఎఫ్‌ఎస్ అంటే ముందు పని ముగిశాకే తర్వాతిది మొదలు, ఎస్‌ఎస్ అంటే మొదలుకి మొదలు ముడి, ఎఫ్‌ఎఫ్ అంటే ముగింపుకి ముగింపు ముడి. ఫ్లోట్ అంటే ముగింపు తేదీ కదలకుండా ఒక పని ఎన్ని రోజులు ఆలస్యం కావచ్చో ఆ వెసులుబాటు, లాగ్ అంటే లింకులో ఆగమని ఇచ్చే రోజులు.

ముందు ఇవి చూడండి, దయచేసి

ఆ పనికి నిజంగానే ఫ్లోట్ ఉందేమో చూడండి. ఆలస్యం 20 రోజులు, ఫ్లోట్ 25 రోజులు అయితే ముగింపు తేదీ కదలకూడదు. ఫైల్లో తప్పేమీ లేదు.

ఫ్లోట్ లేదంటే, ఆలస్యం అసలు ఫైల్లోకి ఎక్కిందా? పూర్తయిన శాతం వేసేసి, ఇంకా ఎన్ని రోజులు పడుతుందన్న గడిని, అంటే రిమైనింగ్ డ్యూరేషన్‌ని, అలాగే వదిలేస్తారు. మేస్త్రీని అడిగి ఆ అంకె మార్చాలి. తర్వాత డేటా డేట్‌ని, అంటే పురోగతి ఏ రోజు దాకా లెక్కేశామో ఆ తేదీని, ముందుకు జరిపి, షెడ్యూల్‌ని మళ్లీ లెక్కగట్టే ఎఫ్9 కొట్టాలి. "కొట్టాం సార్" అని అందరూ అంటారు. లెక్కగట్టాక సాఫ్ట్‌వేర్ ఇచ్చే నివేదిక, అంటే షెడ్యూల్ లాగ్, తెరిస్తే డేటా డేట్ రెండు నెలల కిందటిది కనబడుతుంది. ఈ చిన్న తనిఖీ దాటేసి రాత్రంతా లింకులు వెతికిన పిల్లల్ని చూశాను, బాధేస్తుంది.

ఇక బిగించిన తేదీలు. పీ6లో తేదీ పక్కన నక్షత్రం గుర్తు (*) ఉంటే కన్‌స్ట్రెయింట్ ఉందని అర్థం. అది మాండేటరీ స్టార్టో మాండేటరీ ఫినిషో అయితే ముందున్న పని ఎంత నెట్టినా ఆ తేదీ కదలదు. తీసేయండి. ఎంఎస్ ప్రాజెక్ట్‌లో మస్ట్ స్టార్ట్ ఆన్ కూడా ఇంతే. అందులో ఇంకొకటి ఉంది: 2010 వెర్షన్ నుంచి కొత్తగా చేర్చే పనులు, సెట్టింగ్ మార్చకపోతే, మాన్యువల్‌గానే పడతాయి. వాటిని ఆటో షెడ్యూల్‌కి మార్చేదాకా లింకులు వాటిని జరపవు.

చివరగా, సక్సెసర్, అంటే లింకులో తర్వాత వచ్చే పని, అసలే లేని పనులు. వీటి జాబితా పీ6 షెడ్యూల్ లాగ్‌లోనే వస్తుంది. చివరి మైలురాయి ఒక్కదానికే సక్సెసర్ లేకుండా ఉండాలి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా తేదీ కదలకపోతే

షెడ్యూల్ లాగ్‌లో ఎక్కడా కనబడని తప్పు ఇది. నన్ను బాగా దెబ్బతీసింది కూడా ఇదే, అందుకే వివరంగా రాస్తాను.

జీ ప్లస్ 4 భవనం అనుకోండి, ఐదు అంతస్తులు. ఇటుక పని 40 రోజులు, అంతస్తుకు 8. ప్లాస్టరింగ్ 30 రోజులు, అంతస్తుకు 6. తర్వాత పెయింటింగ్. లెక్క తేలిగ్గా ఉండాలని క్యూరింగ్ రోజులు పక్కన పెడుతున్నాను. మొదటి అంతస్తు గోడలు లేవగానే ప్లాస్టరింగ్ మొదలుపెట్టొచ్చు కాబట్టి ప్లానర్ ఎస్‌ఎస్ లింకు పెట్టి 8 రోజుల లాగ్ ఇచ్చాడు. ప్లాస్టరింగ్ నుంచి పెయింటింగ్‌కి ఎఫ్‌ఎస్.

ఇప్పుడు తేదీలు చూడండి. ఇటుక పని 1వ రోజు నుంచి 40వ రోజు దాకా. ప్లాస్టరింగ్ 9వ రోజు మొదలై 38వ రోజుకు అయిపోతుంది. అంటే గోడ కట్టడం ముగియకముందే ప్లాస్టరింగ్ ముగిసింది! ఆలస్యం ఇంకా రాలేదు, అప్పుడే లెక్క తప్పింది. ఇసుక దొరక్క ఇటుక పని 60 రోజులకు సాగిందనుకోండి. ప్లాస్టరింగ్ అదే 38, పెయింటింగ్ అదే 39. తేదీ ఒక్కరోజు కూడా కదలదు.

కారణం ఒకటే. ఇటుక పని మొదలుకే సక్సెసర్ ఉంది, దాని ముగింపు దేనికీ ముడిపడలేదు. సక్సెసర్ గడి నిండుగా ఉంది కాబట్టి షెడ్యూల్ లాగ్ ఏమీ అనదు. దీన్నే డాంగ్లింగ్ అంటాం. ఇంకా మోసం చేసేదేమిటంటే, పని మొదలు కాకముందు అది ఎర్రగా, క్రిటికల్‌గానే, అంటే ఆలస్యమైతే ముగింపునీ జరిపే పనిగానే, కనబడొచ్చు. ప్లాస్టరింగ్ కూడా మొదలయ్యాక ఆ ఎస్‌ఎస్ లింకు పని తీరిపోతుంది, ఇటుక పనికి ప్రాజెక్టు చివరిదాకా ఫ్లోట్ వచ్చేస్తుంది. సరిగ్గా కంగారు పడాల్సిన రోజుల్లో షెడ్యూల్ ఫరవాలేదని చెబుతుంది.

హైదరాబాద్ శివార్లలో ఒక భవనానికి నేనే ఇలా చేశాను. మూడు నెలలు ప్రతి సోమవారం మీటింగ్‌లో ముగింపు తేదీ మారలేదని చెప్పాను. ఆ తేదీ నమ్మి పెయింటర్లను పిలిపించారు. పద్నాలుగు మంది వచ్చి షెడ్డులో పని లేకుండా కూర్చున్నారు, మూడో అంతస్తులో గోడలే లేవు. ఆఫీసులో అంటించిన బార్ చార్ట్ మీద వేలు పెట్టి మేస్త్రీ అడిగాడు: "సార్, కట్టని గోడకి ప్లాస్టరింగ్ ఎట్లా అయిపోయింది?" అంతమంది ఇంజనీర్లం చూసిన కాగితం అది. ఆ రోజు నుంచి ఏ ఫైల్ వచ్చినా నేను మొదట వెతికేది ఇదే.

కాలేజీలో మనం నేర్చుకున్న బాణాల పద్ధతిలో ఈ తప్పు జరగదు. 1957లో డూపాంట్‌కి చెందిన మోర్గన్ వాకర్, రెమింగ్టన్ రాండ్‌కి చెందిన జేమ్స్ కెల్లీ క్రిటికల్ పాత్ పద్ధతిని రూపొందించినప్పుడు పనంటే ఒక బాణం, దాని కొస ఒక నోడ్‌లో ఆగాల్సిందే. ముందు పని ముగిస్తేనే తర్వాతి పని. ఎస్‌ఎస్, ఎఫ్‌ఎఫ్‌లు తర్వాత ప్రిసిడెన్స్ డయాగ్రమ్‌తో వచ్చాయి. పరీక్షలకు డమ్మీ యాక్టివిటీలు గీసి పాసై నేరుగా పీ6 ముందు కూర్చున్నవాళ్లకు ఈ గుంట ఉందని చెప్పినవాళ్లే ఉండరు.

పట్టుకోవడం

పీ6 నుంచి రిలేషన్‌షిప్స్‌ని ఎక్సెల్‌కి ఎక్స్‌పోర్ట్ చేయండి. ప్రతి పనీ ప్రిడెసెసర్‌గా, అంటే లింకులో ముందు పనిగా, ఉన్న వరసల్లో ఎఫ్‌ఎస్ గానీ ఎఫ్‌ఎఫ్ గానీ ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి, కౌంట్‌ఇఫ్స్ చాలు. సున్నా వచ్చినవన్నీ అనుమానితులే. పూర్తయిన పనుల్ని, చివరి మైలురాయిని వదిలేయండి. ఎంఎస్ ప్రాజెక్ట్ అయితే సక్సెసర్స్ కాలమ్ చదవండి, ఉత్త అంకె ఉంటే ఎఫ్‌ఎస్ అని అర్థం. గడిలో ఎస్‌ఎస్‌లు మాత్రమే ఉంటే దొరికినట్టే. ఇదే తప్పు తిరగేసి కూడా ఉంటుంది: వచ్చే లింకుల్లో ఎఫ్‌ఎఫ్ ఒక్కటే ఉన్న పనికి మొదలు గాల్లో ఉంటుంది.

అనుమానం తీరాలంటే ఫైల్ కాపీ తీసి ఆ పని వ్యవధికి 100 రోజులు కలిపి ఎఫ్9 కొట్టండి. క్రిటికల్ పని అయితే ముగింపు కూడా అంతే జరగాలి. అమెరికా రక్షణ కాంట్రాక్టులు చూసే డీసీఎంఏ వాళ్ల 14 పరీక్షల్లో కూడా ఇలాంటిదొకటి ఉంది, వాళ్లు 600 రోజులు కలుపుతారు.

సరిచేయడం

త్వరగా కావాలంటే ఉన్న ఎస్‌ఎస్‌కి తోడు ఎఫ్‌ఎఫ్ పెట్టి 6 రోజుల లాగ్ ఇవ్వండి. ఆఖరి అంతస్తు గోడ ముగిశాక దాని ప్లాస్టరింగ్‌కి 6 రోజులు కావాలి కదా. ఇప్పుడు ప్లాస్టరింగ్ 46కి ముగుస్తుంది. ఇటుక పని 60కి సాగితే ఇది 66కి పోతుంది, పెయింటింగ్ 67కి. దీనికో ఇబ్బంది ఉంది. సాఫ్ట్‌వేర్ పనిని ఆగకుండా జరిగేదిగా లెక్కేస్తుంది కాబట్టి ప్లాస్టరింగ్ మొదలుని కూడా 9 నుంచి 17కి లాగుతుంది. కూలీల్ని పిలిచే తేదీ తప్పుతుంది.

అందుకే నేను అంతస్తులవారీగా విడగొట్టమంటాను. ఒక్కో అంతస్తు ఇటుక పని నుంచి అదే అంతస్తు ప్లాస్టరింగ్‌కి ఎఫ్‌ఎస్. మొదటి అంతస్తు ప్లాస్టరింగ్ 9న మొదలు, ఐదోది 46న ముగింపు, మధ్యలో రెండేసి రోజుల ఖాళీ కళ్లకు కనబడుతుంది. రెండు వరసలు పది అవుతాయి, లాగ్ ఒక్కటీ ఉండదు, మేస్త్రీకి కూడా చదవడానికి వస్తుంది.

వేరే లక్షణాలు, క్లుప్తంగా

ఎరుపు మధ్యలో తెగిపోతుంటే క్యాలెండర్లు చూడండి. క్యూరింగ్ ఏడు రోజుల క్యాలెండర్లో, మిగతావి ఆరు రోజుల క్యాలెండర్లో ఉంటే ఒకే దారిలో ఫ్లోట్ ఒకటి రెండు రోజులు తేడా వస్తుంది. క్రిటికల్ నిర్వచనాన్ని లాంగెస్ట్ పాత్‌కి, అంటే అన్నిటికన్నా పొడవైన దారికి, మార్చండి.

అసలు ఎరుపే లేకపోతే ప్రాజెక్టు మస్ట్ ఫినిష్ బై తేదీ, లెక్క తేలిన ముగింపు కన్నా తర్వాత ఉండి ఉంటుంది. ఆ గడి ఖాళీ చేసి మళ్లీ ఎఫ్9.

రిసోర్స్ లెవెలింగ్, పక్క ప్రాజెక్టు నుంచి వచ్చే ఎక్స్‌టర్నల్ తేదీలు, ప్రోగ్రెస్ ఓవర్‌రైడ్ సెట్టింగ్ కూడా కారణం కావచ్చు. నాకు చాలా అరుదుగా తగిలాయి. పైవన్నీ అయ్యాకే వాటి జోలికి వెళ్లండి.