కొత్త గోల్ఫ్ ఐరన్స్ మొరాయిస్తున్నాయా? సమస్య, కారణం, పరిష్కారం

మూడేళ్ళ కిందట మా బాబాయి కొడుకు డాలస్ నుంచి వస్తుంటే, అక్కడైతే చవగ్గా దొరుకుతుందని గోల్ఫ్ ఆడే ఐరన్స్ (లోహపు తల ఉన్న క్లబ్బులు) సెట్ ఒకటి తెప్పించుకున్నాను. కొలతలివ్వకుండా చొక్కా కుట్టించుకున్నట్టయింది. పాత సెట్‌తో రౌండు 92, 93 షాట్లలో ముగించేవాణ్ణి (ఎంత తక్కువైతే అంత మేలు). గోల్కొండ నయా ఖిలా కోర్సులో కొత్త సెట్‌తో ఆడిన మొదటి ఆదివారం 101 వచ్చింది. స్వింగ్ పాడైందేమోనని రెండు నెలలు దాన్నే మార్చుకుంటూ కూర్చున్నాను. కొంత తప్పు నాదేలెండి. మిగతాది మాత్రం షాఫ్ట్ (క్లబ్ కర్ర) బరువులో, లై యాంగిల్‌లో (షాఫ్ట్ నేలతో చేసే కోణం), లాఫ్టుల (బంతికి తగిలే ముఖం, అంటే ఫేస్, వెనక్కి వాలే కోణం) మధ్య ఖాళీల్లో ఉంది. అవి ఒక్కొక్కటీ ఎలా బయటపడ్డాయో, ఎలా సరిచేశానో, ఇప్పుడు కొనేవాళ్ళు ఏం చూసుకోవాలో రాస్తున్నాను. కుడి, ఎడమ అన్నచోటల్లా కుడిచేతివాటం లెక్క. ఎడమచేతివాటం వాళ్ళు తిరగేసి చదువుకోండి.

"షాపులో 7 ఐరన్ 160 గజాలు పోయింది, కోర్సులో బంతి గ్రీన్ మీద ఆగట్లేదు"

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. గజం అనగానే మనకి ప్లాటు గుర్తొస్తుంది కాబట్టి, ఎన్ని ఎక్కువొస్తే అంత లాభం అనిపిస్తుంది. నేనూ అలాగే మురిసిపోయాను. పాత 7 ఐరన్ 138 పోయేది, కొత్తది దూరం కొలిచే సిమ్యులేటర్ తెర మీద 155 చూపించింది.

కారణం లాఫ్ట్. ఐరన్ నంబర్ తగ్గేకొద్దీ లాఫ్ట్ తగ్గుతుంది, బంతి దూరం పోతుంది. సోల్ (క్లబ్ అడుగు) మీద 7 అని ముద్ర వేయడానికి లాఫ్ట్ ఇంతే ఉండాలన్న నిబంధన ఏదీ లేదు. టైటిలిస్ట్ టీ100 మోడల్‌లో 7 ఐరన్ 34 డిగ్రీలు, అదే కంపెనీ టీ350లో 29. అయిదు డిగ్రీలంటే ఒక క్లబ్బుకి మించిన తేడా. అంటే కొత్త 7తో మీరు కొట్టింది పాత లెక్కలో 6కి, 5కి మధ్యది. ఇందులో మోసమేమీ లేదు. కొత్త హెడ్‌లలో బరువంతా కిందికి, వెనక్కి సర్దుతారు, కాబట్టి తక్కువ లాఫ్ట్‌తో కూడా బంతి పైకి లేస్తుంది. కాకపోతే లేపడానికి స్వింగ్‌లో కొంత వేగం కావాలి. అది లేనివాళ్ళకి బంతి బల్లపరుపుగా వెళ్ళి, గ్రీన్ (జెండా చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద పడి, జారి అవతల బంకర్‌లో (ఇసుక గుంటలో) తేలుతుంది.

షాపు తెర మీద క్యారీ (బంతి గాల్లో పోయే దూరం) పక్కనే ఇంకో రెండు అంకెలుంటాయి, అవి చూడండి. ఒకటి బంతి దిగే కోణం. 7 ఐరన్‌కి 45 డిగ్రీలు, ఆ పైన ఉంటే బంతి నిలుస్తుంది. రెండోది స్పిన్. క్లబ్ నంబర్‌ని వెయ్యితో హెచ్చించడం మోటు లెక్క, అంటే 7 ఐరన్‌కి నిమిషానికి 7000 చుట్లు. పీజీఏ టూర్ ఆటగాళ్ళ సగటు కూడా దాదాపు అంతే. మన వేగానికి 5500 వచ్చినా, బంతి ఎత్తుగా వెళ్ళి నిటారుగా దిగితే ఢోకా లేదు. స్పిన్ 4500కి పడిపోయి, దిగే కోణం 40 లోపుంటే మాత్రం ఆ మోడల్ వదిలేయండి. ఎండాకాలం మన గ్రీన్ల మీద అది ఆగదు.

ఇప్పటికే కొనేసి ఉంటే రెండు దారులు. మొదట బంతి మార్చి చూడండి. యూరిథేన్ కవర్ ఉన్న బంతి కొంత ఆగుతుంది. అది చాలకపోతే లాఫ్ట్‌ని ఒకటి రెండు డిగ్రీలు పెంచమని క్లబ్బులు బాగుచేసే అతన్ని అడగండి. లాఫ్ట్ ఎంత పెంచితే సోల్ కింద బౌన్స్ (క్లబ్ నేలలో దిగబడకుండా సోల్‌కి ఉండే వాలు) కూడా దాదాపు అంతే పెరుగుతుంది. గట్టి నేల మీద ఆడేవాళ్ళు అది ఆలోచించుకోవాలి.

షాపుకి మీ బంతి మీరే పట్టుకెళ్ళండి. సిమ్యులేటర్‌లో సముద్రమట్టం నుంచి ఎత్తు ఎంత పెట్టారో కూడా అడగండి. బెంగళూరు 900 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ కొట్టిన బంతి వైజాగ్ ఈస్ట్ పాయింట్ కోర్సులో కొట్టినదానికన్నా 3 శాతం పైచిలుకు ఎక్కువ పోతుంది. 150 గజాల షాట్‌కి అది 5 గజాలు.

"90 గజాల దగ్గర ఏ క్లబ్ తీయాలో తెలియట్లేదు"

ఇది పై సమస్యకి తోబుట్టువు. 7 ఐరన్ లాఫ్ట్ తగ్గిస్తే దాని వెనకాలే పిచింగ్ వెడ్జ్ (9 ఐరన్ తర్వాత వచ్చే, దగ్గరి షాట్ల క్లబ్) కూడా తగ్గాలి. ఒకప్పుడు 48 డిగ్రీలుండేది, ఇప్పుడు 43కి వచ్చింది. సంచిలో ఉన్న సాండ్ వెడ్జ్ మాత్రం పాతదే, 56. మధ్యలో 13 డిగ్రీల గొయ్యి. నాకు పిచింగ్ వెడ్జ్ 118, సాండ్ వెడ్జ్ 75 పోయేవి. సరిగ్గా ఆ మధ్యలోనే నా రెండో షాట్లు, మూడో షాట్లు పడేవి.

అదే సెట్‌లో వచ్చే గ్యాప్ వెడ్జ్ (48, 49 డిగ్రీలు) కొనుక్కోండి. దాని తర్వాత 54 ఉంటే మెట్లు సమంగా పడతాయి. సంచిలో 14కి మించి ఉండకూడదు కాబట్టి పైనుంచి ఒకటి తీసేయాలి. తీసేయాల్సింది ఏదో మీకు ముందే తెలుసు. 5 ఐరన్, 6 ఐరన్ ఒకే దూరం పోతున్నాయంటే 5కి పైకి లేచే లాఫ్ట్ గానీ, దాన్ని లేపే వేగం గానీ లేవన్నమాట. దాని చోట ఒక హైబ్రిడ్ (బంతిని తేలిగ్గా లేపే, ఐరన్‌కీ వుడ్‌కీ మధ్యరకం క్లబ్) పెట్టుకోండి, పరువు నష్టమేమీ లేదు.

"బాగానే తగులుతోంది, కానీ బంతి ఎప్పుడూ ఎడమకే పోతోంది"

నన్ను బాగా ఏడిపించింది ఇదే. బంతి వంకర తిరగడం లేదు, ఫేస్ మధ్యలోనే తగులుతోంది, చేతికి మెత్తగా ఉంది. అయినా జెండాకి పది గజాలు ఎడమన పడుతుంది. వెడ్జ్‌తో ఎక్కువ, 5 ఐరన్‌తో తక్కువ.

లై యాంగిల్ మీద అనుమానపడాల్సిన లక్షణం ఇది. క్లబ్ నేలకి తగిలే క్షణంలో టో (హెడ్ కొస) పైకి లేచి, హీల్ (షాఫ్ట్ వైపు అంచు) కిందికి దిగి ఉంటే ఫేస్ ఎడమకి చూస్తుంది. లాఫ్ట్ ఎక్కువున్న క్లబ్‌లో ఆ ప్రభావం ఎక్కువ. టో నేలకి దిగి హీల్ లేస్తే బంతి కుడికి పోతుంది. అయితే బయటి నుంచి లోపలికి అడ్డంగా స్వింగ్ చేసేవాళ్ళకి కూడా వెడ్జ్‌లు ఎడమకే పోతాయి. కాబట్టి లక్షణం ఒక్కదాన్నే నమ్ముకుని క్లబ్ వంచడానికి పరిగెత్తకండి.

తేల్చుకోవడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. వైట్‌బోర్డ్ మార్కర్‌తో బంతి మీద లావుపాటి నిలువు గీత గీయండి. గీత క్లబ్ ఫేస్‌కి ఎదురుగా, నేలకి నిట్టనిలువుగా ఉండేలా బంతిని పెట్టి, మామూలుగా కొట్టండి. గీత ఫేస్ మీద అచ్చు పడుతుంది. ఫేస్‌ని మీకు ఎదురుగా తిప్పి, దాని మీది గాడులు అడ్డంగా సమంగా ఉండేలా పట్టుకుని చూడండి. గీత గాడులకి నిలువుగా ఉంటే లై సరిపోయింది. పైకొస టో వైపు వాలితే లై మరీ నిటారు, హీల్ వైపు వాలితే మరీ పడుకుంది. ఒక్క షాట్‌తో తేల్చకండి, ఆరేడు కొట్టండి. ప్రతిసారీ తుడిచి కొత్తగా గీయండి.

నా గీత వాలు కంటికి ఆనలేదు. మా అమ్మాయి జామెట్రీ బాక్సులోంచి సెట్ స్క్వేర్ తెచ్చి, ఒక అంచు గాడి మీద ఆనించి చూస్తే తెలిసింది. నీలం గీత పైకొస సెట్ స్క్వేర్ అంచు దాటి, వెంట్రుకవాసి టో వైపుకి పోయింది. ఏడు షాట్లలో ఆరు అలాగే. వర్క్‌షాప్‌లో మెషిన్ మీద పెట్టి చూస్తే రెండు డిగ్రీలు నిటారు ఎక్కువని తేలింది. రెండు డిగ్రీలు వంచాక, గ్రీన్‌కి ఎడమన ఉన్న బంకర్లతో నా స్నేహం తగ్గింది.

ఫోర్జ్‌డ్ (సాగగొట్టి చేసిన) ఐరన్స్ కార్బన్ స్టీల్‌వి అయితే రెండు డిగ్రీల వరకు హాయిగా వంగుతాయి. పోతపోసిన స్టెయిన్‌లెస్ స్టీల్ హెడ్‌లు మొండివి, విరిగే ప్రమాదముంది. వంచే ముందు ఇది ఏ లోహం అని అడిగే మనిషికే క్లబ్ ఇవ్వండి. పింగ్ లాంటి కంపెనీలు లైని రంగు చుక్కతో గుర్తుపెడతాయి, నల్ల చుక్క స్టాండర్డ్. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ళు ఆ చుక్క చూడకుండా బేరమాడకూడదు. పొట్టి, పొడుగు చూసి లై చెప్పే పట్టికలు మొదటి అంచనాకి పనికొస్తాయి, అంతకు మించి నమ్మలేం. నిలబడే తీరు, చేతులు దించే తీరు మనిషి మనిషికీ మారుతుంది.

"మొదటి తొమ్మిది హోల్స్ బాగుంటాయి, 12వ హోల్ నుంచి కుడికి, కిందికి"

షాఫ్ట్ బరువు. మా తమ్ముడు తెచ్చిన సెట్‌లో 130 గ్రాముల స్టీల్ షాఫ్టులు, ఎస్ ఫ్లెక్స్ (స్టిఫ్, అంటే తక్కువ వంగేవి). అలాంటివి గట్టిగా, వేగంగా స్వింగ్ చేసేవాళ్ళకి. నలభై దాటి, రోజంతా కుర్చీలో కూర్చునే నాబోటి వాడికి రెండు గంటల తర్వాత చేతులు వెనకబడతాయి, ఫేస్ మూసుకోదు, బంతి కుడికి జారుతుంది. షాపులో తాజాగా పది బంతులు కొట్టినప్పుడు ఇది ఛస్తే బయటపడదు.

అందుకే అసలు ట్రయల్ అలిసిపోయాకే మొదలుపెట్టాలి. ముందు మీ పాత క్లబ్‌తో నలభై బంతులు కొట్టేయండి, ఆ తర్వాత కొత్తది చేతిలోకి తీసుకోండి. ఎస్ (స్టిఫ్), ఆర్ (రెగ్యులర్) అనే అక్షరాలకి అన్ని కంపెనీలకీ కలిపి ఒక కొలత లేదు. ఒకరి ఆర్ ఇంకొకరి ఎస్‌కి దగ్గరగా ఉండొచ్చు. ముందు గ్రాములు అడగండి, తర్వాతే అక్షరం. నేను 95 గ్రాముల స్టీల్‌కి మారాను. మోచేతి నొప్పి ఉన్నవాళ్ళు ఇంకా తేలికైన గ్రాఫైట్ చూడొచ్చు, అదేదో ముసలివాళ్ళ షాఫ్ట్ అన్న చిన్నచూపు అక్కర్లేదు. అలాగని మరీ తేలికైతే క్లబ్ చేతిలో ఉన్నట్టే తెలియక టైమింగ్ చెదిరి, ఎడమకి లాగేస్తారు. మూడు బరువులు పక్కపక్కన పెట్టుకుని కొడితే మీకే తెలుస్తుంది.

"మ్యాట్ మీద బ్రహ్మాండం, గడ్డి మీద ఫ్యాట్"

మ్యాట్ అబద్ధాలాడుతుంది. క్లబ్ బంతికి రెండంగుళాల ముందే నేలకి తగిలినా, మ్యాట్ మీద జారి బంతిని అందుకుంటుంది. గడ్డి మీదైతే అక్కడే దిగబడుతుంది, దాన్నే ఫ్యాట్ అంటారు. ఇది సెట్ తప్పు కాకపోవచ్చు. రేంజ్‌లో గడ్డి ఉన్నచోట సున్నంతో ఒక గీత వేసి, గీత మీద బంతి లేకుండానే పదిసార్లు స్వింగ్ చేయండి. మట్టి లేచిన గుంట గీతకి లక్ష్యం వైపు మొదలైతే స్వింగ్ సరే. వెనక మొదలైతే కోచ్ దగ్గరికి వెళ్ళండి, షాపుకి కాదు.

గుంట సరైనచోటే మొదలై కూడా లోతుగా తవ్వుతుంటే సోల్ చూడండి. సన్నటి సోల్, తక్కువ బౌన్స్ వానాకాలం మెత్తటి నేలలో పారలా దిగుతాయి. వెడల్పు సోల్ ఏప్రిల్, మే నెలల్లో గట్టిపడ్డ నేల మీద ఎగిరి బంతి నడుముకి తగులుతుంది. ఏడాదంతా ఒకే సెట్‌తో ఆడేవాళ్ళు మధ్యస్థంగా ఉన్న సోల్ తీసుకోవడం మేలు.

"దూరం ఒక్కోసారి ఒక్కోలా వస్తోంది"

ఫుట్ పౌడర్ స్ప్రే ఫేస్ మీద పల్చగా కొట్టి పది షాట్లు ఆడండి. మచ్చలన్నీ హీల్ దగ్గరే పడితే షాఫ్ట్ పొడవు ఎక్కువై ఉండొచ్చు. గ్రిప్ అరంగుళం కిందికి పట్టుకుని మళ్ళీ కొట్టండి. మచ్చలు మధ్యకొస్తే సంగతి తేలినట్టే. షాఫ్ట్ కోయించాలంటే మాత్రం, అరంగుళానికి స్వింగ్ వెయిట్ (ఊపేటప్పుడు హెడ్ ఎంత బరువనిపిస్తుందో చెప్పే కొలత) మూడు పాయింట్లు తగ్గుతుందని గుర్తుంచుకోండి, హెడ్ తేలికైనట్టు అనిపిస్తుంది. మచ్చలు ఫేస్ అంతా చెల్లాచెదురుగా ఉంటే అది క్లబ్ జబ్బు కాదు.

చిన్నా చితకా

చెమటకి గ్రిప్ జారుతుంటే, వైజాగ్ ఉక్కపోతలో ఇది మామూలే, గిన్నెలు తోమే లిక్విడ్‌తో రుద్ది కడిగి ఆరబెట్టండి. అప్పటికీ జారితే నూలు కలిపిన కార్డ్ గ్రిప్ వేయించండి. ఎడమచేతి వేళ్ళు చుట్టూ వచ్చి బొటనవేలి కింద కండని తాకీ తాకనట్టుంటే గ్రిప్ సైజు సరిపోయినట్టు.

ఊపితే లోపల గలగలమంటోందా? చాలాసార్లు అది షాఫ్ట్ లోపల ఊడిన ఎపాక్సీ ముక్క, భయం లేదు. కొట్టినప్పుడు హోజెల్ (షాఫ్ట్ దూరే హెడ్ గొట్టం) దగ్గర టిక్కుమంటే, లేదా అక్కడి నల్ల ప్లాస్టిక్ ఉంగరం పైకి జరిగితే ఆ క్లబ్‌తో ఇంకో షాట్ కొట్టకండి. హెడ్ ఊడితే ఎదుటివాళ్ళకి ప్రమాదం.

షాపులో ఇంకో మాట. అమ్మే కుర్రాడు సరిగ్గా తగలని షాట్లని తెర మీంచి చెరిపేస్తుంటాడు, మనం సంతోషపడాలని. చెరపొద్దని చెప్పండి. పాత 7 ఐరన్‌తో అయిదు, కొత్తదాంతో అయిదు, మార్చి మార్చి కొట్టి, చెత్త షాట్లతో సహా సగటు తీయమనండి. రెండిటిలో అడ్డంగా ఏది తక్కువ చెదిరిందో చూడండి. 7 ఒక్కదానితో ఆపకుండా పిచింగ్ వెడ్జ్, 5 కూడా అడిగి తీసుకోండి.

మా తమ్ముడు ఈ సంక్రాంతికి మళ్ళీ వస్తున్నాడు. ఈసారి వాట్సాప్‌లో పెట్టింది ఇంతే: "గ్యాప్ వెడ్జ్ ఒక్కటి. 48 డిగ్రీలు, అదే మోడల్, స్టీల్ 95 గ్రాములు, లై రెండు డిగ్రీలు ఫ్లాట్, పొడవు స్టాండర్డ్, గ్రిప్ కార్డ్. ఆఫర్ ఉందని వేరేది తేకు." అరగంటకి జవాబొచ్చింది: "సరే అన్నయ్యా. పెద్దమ్మతో ఆవకాయ రెండు కేజీలు కట్టించి ఉంచు."