ఫిట్టర్ పనిముట్లు – 4వ పాఠం: రాగి సుత్తి

కిందటి పాఠంలో బాల్ పీన్ సుత్తి (ఒక కొస గుండ్రంగా ఉండే స్టీలు సుత్తి) పట్టడం నేర్చుకున్నాం. ఉలికి, పంచ్‌కి, రివెట్‌కి అదే సరైనది. కానీ గ్రైండింగ్ చేసిన షాఫ్ట్ కొస మీద దాంతో ఒక్క దెబ్బ వేసి చూడండి: అంచు ఉబ్బుతుంది, ఇక బేరింగ్ ఎక్కనని మొండికేస్తుంది. ఇలాంటి పనులకే మెత్తటి ముఖం ఉన్న సుత్తులు. వాటిలో ఈసారి రాగి సుత్తి చూద్దాం.

రెండు లోహాలు గుద్దుకుంటే మెత్తటిది నలుగుతుంది. ఎనీల్ చేసిన, అంటే వేడి చేసి మెత్తబరిచిన రాగికి బ్రినెల్ కాఠిన్యం (లోహం ఎంత గట్టిదో చెప్పే కొలత) దాదాపు 45, మైల్డ్ స్టీలుకి సుమారు 120. కాబట్టి సొట్ట సుత్తికే పడుతుంది, జాబ్‌కి, అంటే మనం పనిచేస్తున్న ముక్కకి పడదు. మరి నైలాన్, తోలు ఇంకా మెత్తన కదా, అవే వాడొచ్చుగా అంటారా? చిన్న పనులకు వాడొచ్చు. బిగుసుకుపోయిన పెద్ద కప్లింగ్ (రెండు షాఫ్ట్‌లను కలిపే భాగం) దగ్గర మాత్రం వాటి దెబ్బ చాలదు. రాగి స్టీలు కన్నా బరువు, సాంద్రత ఘన సెంటీమీటరుకి 8.96 గ్రాములు, స్టీలుది 7.85. చిన్న తలలోనే బోలెడు బరువు ఉంటుంది. పైగా దెబ్బ పడ్డాక వెనక్కి అంతగా ఎగరదు.

కొనేటప్పుడు రెండు రకాలు కనిపిస్తాయి. మొదటిది తల మొత్తం రాగితో పోతపోసింది. రెండోది ఇనుప తలకి ముఖాలు విడిగా బిగించేది. ఇందులో ఒక వైపు రాగి, రెండో వైపు పచ్చి తోలు ఉన్నవీ దొరుకుతాయి. నన్నడిగితే రెండోదే తీసుకోమంటాను. ముఖం ఎలాగూ అరిగిపోయేదే, అది పోయినప్పుడల్లా సుత్తిని పారేయడం ఎందుకు? బరువు విషయానికొస్తే, డోవెల్ పిన్నులకు (రెండు భాగాలను సరిగ్గా ఒకే చోట నిలిపే చిన్న కడ్డీలు) అర కిలో, మెషిన్ వైస్‌లో (మెషిన్ మీద జాబ్‌ని దవడల మధ్య బిగించి పట్టేది) జాబ్ కూర్చోబెట్టడానికి కిలో, పెద్ద గేర్లకు రెండు కిలోలు, అంతకు పైన. తేలికపాటి సుత్తితో పదిసార్లు బాదడం కన్నా తగిన బరువుతో రెండు నిదానమైన దెబ్బలు మేలు. పిడిని పట్టుకుని తలను ఊపి చూడండి. ఏమాత్రం కదిలినా చీల సరిచేసేదాకా దాన్ని పక్కన పెట్టాల్సిందే.

ఇక అసలు పని. మెషిన్ వైస్‌లో పారలల్స్ (జాబ్ కింద జతగా పెట్టే, ఒకే ఎత్తున్న స్టీలు పట్టీలు) మీద జాబ్ పెట్టి బిగించారు. బిగించేటప్పుడు కదిలే దవడ కాస్త పైకి లేస్తుంది, జాబ్‌ని కూడా లేపుతుంది. ఇప్పుడు పిడి చివర పట్టుకుని, సుత్తి ముఖం జాబ్‌కి పూర్తిగా ఆనేలా మధ్యలో కొట్టండి. ముఖం అంచుతో తగిలితే రాగి అయినా గాటు పెడుతుంది. శబ్దం వినండి: జాబ్ కింద సందు ఉన్నంతసేపూ డొల్లగా మోగుతుంది, కూర్చున్నాక గట్టిగా ‘టక్’ అంటుంది. వేలితో పారలల్స్ కదపండి. రెండూ కదలకపోతే జాబ్ కూర్చున్నట్టే. ఆ తర్వాత వైస్ హ్యాండిల్ మళ్లీ ముట్టుకోవద్దు! చాలామంది ‘ఇంకొంచెం బిగిద్దాం’ అని జాబ్‌ని మళ్లీ లేపేది ఇక్కడే.

బేరింగ్‌ని సుత్తితో సూటిగా కొట్టకూడదు, రాగిదైనా సరే. షాఫ్ట్ మీదికి ఎక్కించేటప్పుడు లోపలి రింగుకి మాత్రమే ఆనే గొట్టం పెట్టి, ఆ గొట్టం మీద కొట్టాలి. బయటి రింగు మీద కొడితే దెబ్బ బాల్స్ గుండా వెళ్లి, అవి తిరిగే గాడిలో గుంటలు పడతాయి. ఊడొచ్చిన రాగి పెచ్చులు లోపల పడకుండా పక్కల గుడ్డ కప్పండి. మరలున్న షాఫ్ట్ కొసని కొట్టాల్సి వస్తే ముందు నట్టు ఎక్కించి, దాని పైభాగం షాఫ్ట్ కొసకి సమంగా ఉండేలా చూసుకోండి.

అల్యూమినియం జాబ్‌కి రాగి సుత్తి వద్దు. సొట్ట సంగతి సరే, దెబ్బ పడ్డచోట ఎర్రటి రాగి పూత మిగులుతుంది. తేమ తగిలితే ఆ చోటే తుప్పు మొదలవుతుంది. అక్కడ నైలాన్ వాడండి.

ఈ పాఠంలో అందరూ దాటేసే విషయం సుత్తి ముఖం సంరక్షణ. మెత్తటి ముఖం దొంగలాంటిది, తగిలినదాన్ని లోపల దాచుకుంటుంది. లేత్ పక్కన పడున్న సుత్తిని వెలుతురులో వాలుగా పట్టి చూడండి, ఎర్రటి రాగిలో చిన్న చిన్న స్టీలు చిప్స్ మెరుస్తుంటాయి. ఆ ముఖంతో కొడితే జాబ్‌కి తగిలేది రాగి కాదు, ఆ చిప్స్. స్క్రైబర్ (లోహం మీద గీతలు గీసే సూది) మొనతో వాటిని పెకిలించి, ఆకురాయితో ముఖాన్ని ఒక రుద్దు రుద్దండి. అంచులు గొడుగులా విచ్చుకుంటే అవి కూడా ఆకురాయితో తీసేయాలి. లేకపోతే ఆ ముక్కలే ఊడి కంటికి ఎగురుతాయి. సుత్తి మెత్తనిదే కదా అని సేఫ్టీ కళ్లద్దాలు తీసేయకండి.

కొట్టగా కొట్టగా రాగి గట్టిపడుతుంది. కాఠిన్యం రెట్టింపు కూడా కావచ్చు. సుత్తి ముందుకన్నా ఎక్కువ ఎగురుతోందంటే అదే గుర్తు. ముఖాన్ని తల నుంచి విప్పి, మసక వెలుతురులో ముదురు ఎరుపు వచ్చేదాకా టార్చ్‌తో వేడి చేసి, పటకారుతో పట్టుకుని నీళ్లలో ముంచండి. స్టీలులా నీళ్లలో గట్టిపడదు, మళ్లీ మెత్తబడుతుంది. పైన పట్టిన నల్ల పొర రాలిపోతుంది.

రాగి స్టీలులా నిప్పురవ్వలు రాల్చదు నిజమే, దాన్నే ధీమాగా తీసుకుని గ్యాస్ ఉన్నచోట వాడొద్దు. తుప్పుపట్టిన స్టీలు, రాయి దానికి తగిలినా ప్రమాదమే. అసిటిలిన్ దగ్గరైతే అసలు వద్దు. ఆ వాయువు రాగితో కలిస్తే కాపర్ అసిటిలైడ్ ఏర్పడుతుంది, అది చిన్న దెబ్బకే పేలుతుంది.

అభ్యాసం: ఎమరీతో మెరుగుపెట్టిన మైల్డ్ స్టీలు తుక్కు ముక్క తీసుకోండి. బాల్ పీన్‌తో ఒకటి, రాగితో ఒకటి, రెండూ ఒకే బలంతో అంచు పక్కనే కొట్టండి. అంచు మీదుగా గోరు జరపండి. ఒకచోట తట్టుకుంటుంది, ఇంకోచోట జారిపోయి ఎర్రటి మరక మాత్రం ఉంటుంది. రాగి కొట్టినచోట కూడా గోరు తట్టుకుంటే, ముందు ముఖంలో చిప్స్ ఉన్నాయేమో చూడండి; లేకపోతే మీ సుత్తిని ఎనీల్ చేసే వేళైందేమో. వచ్చే పాఠంలో సుత్తి అవసరమే లేకుండా బేరింగ్‌ని పుల్లర్‌తో తీయడం చూద్దాం.