జావా వదిలేసి డేటాకి వెళ్లాలా? చదువుకుంటూనే ట్రాక్ మార్చే పద్ధతి

మూడో ఏడాది సగానికి వచ్చేసరికి విశాఖలో ఏ ఇంజనీరింగ్ కాలేజీ క్యాంటీన్‌లో చూసినా ఇదే చర్చ. ఇన్నాళ్లూ జావా, వెబ్ డెవలప్‌మెంట్ అని కూర్చున్నాను, ఇప్పుడేమో అందరూ ఏఐ అంటున్నారు, మారిపోనా? ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) వాళ్లదీ ఇదే గోల, సాఫ్ట్‌వేర్‌కి వెళ్లాలా, చిప్ డిజైన్‌లోనే ఉండాలా అని. మారొచ్చు. నిజానికి మారడానికి చదువుకునే రోజులంత చవకైన టైమ్ మళ్లీ రాదు, జీతం పోదు, ఈఎంఐ ఉండదు, ఖర్చయ్యేది కొన్ని సాయంత్రాలే. కాకపోతే ఫ్రెండ్స్ మారుతున్నారని మారితే ఆర్నెల్లకి మళ్లీ ఇదే ప్రశ్న దగ్గరికి వస్తావు.

ముందు నీకు నచ్చనిది ఏమిటో తేల్చుకో. ఆ పనే నచ్చట్లేదా, సబ్జెక్ట్ చెప్పే తీరు నచ్చట్లేదా, లేక కోడింగ్ రౌండ్ అంటే భయమా? మూడోది అయితే ట్రాక్ మార్చినా లాభం లేదు, ఎందుకంటే క్యాంపస్ డ్రైవ్‌లో మొదటి వడపోత చాలాచోట్ల అందరికీ ఒకటే: ఆప్టిట్యూడ్, ఆ తర్వాత కోడింగ్. డేటా అనుకున్నవాడూ సైబర్ సెక్యూరిటీ అనుకున్నవాడూ అదే గుమ్మం దాటాలి. భయం ఉంటే రోజూ ఒక చిన్న ప్రాబ్లమ్ చెయ్యి, అది తగ్గాక మార్పు సంగతి చూసుకో.

నిజంగా పనే నచ్చట్లేదని తేలితే, ద్వారకానగర్‌లో ఏదో ఒక కోచింగ్ సెంటర్ బోర్డు చూసి ఫీజు కట్టేయకు. ముందు రెండు మూడు వారాలు ఆ పని చేసి చూడు. పని అంటున్నాను, వీడియోలు చూడటం కాదు.

డేటా అనలిస్ట్ అవ్వాలనుకుంటే ఇలా చెయ్యి. నీ క్లాస్ వాళ్లకీ జూనియర్లకీ ఒక చిన్న ఫారమ్ పంపు: ఎక్కడి నుంచి వస్తున్నావు, ఎన్నింటికి బయల్దేరతావు, బస్సా బైకా, ఎంతసేపు పడుతుంది. ఓ రెండొందల జవాబులు వచ్చాక షీట్ తెరిచి చూడు. ఒకడు మధురవాడ అని రాస్తాడు, ఇంకొకడు మదురవాడ అంటాడు, మరొకడు పీఎం పాలెం అని పెడతాడు, ఒకమ్మాయి చివర్లో ఖాళీ స్పేస్ వదిలేస్తుంది, దాంతో కంప్యూటర్ దాన్ని వేరే ఊరు అనుకుంటుంది. టైమ్ దగ్గర ఒకరు 7.30 అని, ఇంకొకరు ఏడున్నర అని, మరొకరు 'పొద్దున్నే' అని. పీఎం పాలేన్ని మధురవాడలో కలపాలా, విడిగా ఉంచాలా అన్నది కూడా నువ్వే నిర్ణయించి, ఎందుకలా చేశావో రాసి పెట్టుకోవాలి. ఇదంతా సరిచేసి, ఎస్‌క్యూఎల్‌లో (డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష) వేసి, ఏ ప్రాంతం వాళ్లకి ఎక్కువ టైమ్ పడుతోందో ఒక్క పేజీలో చెప్పు. డేటా ఉద్యోగంలో చాలా భాగం ఈ శుభ్రం చేసే పనే. ఇది చేస్తున్నప్పుడు టైమ్ తెలియకుండా గడిచిపోతే ఆ దారి నీది. రెండో రోజుకే విసుగొస్తే ఆ సంగతి కోర్సుకి లక్ష రూపాయలు పోయకుండానే తెలిసింది, మంచిదే.

మిగతావాటికీ ఇలాంటి పరీక్షలు ఉన్నాయి. ఎంబెడెడ్ (పరికరాల లోపల నడిచే ప్రోగ్రామ్‌లు రాసే పని) అయితే ఈఎస్‌పీ32 అనే చిన్న సర్క్యూట్ బోర్డు ఒకటి కొని సెన్సర్ రీడింగ్ ఫోన్‌లో కనపడేలా చెయ్యి, వైర్ లూజైందో కోడ్ తప్పో తెలియక గంటలు గడిచినా ఓపిక ఉంటుందో లేదో అక్కడ తెలుస్తుంది. చిప్ డిజైన్ అయితే సర్క్యూట్‌ని కోడ్‌గా రాసి నడిపి చూసే ఐకరస్ వెరిలాగ్, దాని సిగ్నళ్లని గీతలుగా చూపించే జీటీకేవేవ్ రెండూ ఉచితమే, లెక్కపెట్టే చిన్న కౌంటర్ సర్క్యూట్ రాసి వేవ్‌ఫామ్ చదువు. సెక్యూరిటీ అయితే నెట్‌వర్క్‌లో వెళ్లే డేటాని చూపించే వైర్‌షార్క్‌లో నీ ల్యాప్‌టాప్ ట్రాఫిక్ చూసి ఏ ప్యాకెట్ ఎందుకు వెళ్లిందో వివరించగలవేమో చూడు (సొంత మెషిన్ మీదే సుమా, కాలేజీ నెట్‌వర్క్ మీద ప్రయోగాలు వద్దు).

ఇక నేను గట్టిగా చెప్పే మాట ఇది. దూకొద్దు, పక్క సందులోకి మారు. నేర్చుకున్నదంతా పక్కన పడేసి సున్నా నుంచి మొదలుపెట్టినవాడికంటే, పాతదాన్ని వెంట తీసుకెళ్లినవాడు తొందరగా నిలదొక్కుకుంటాడు. జావా బ్యాకెండ్ (సర్వర్ వైపు కోడ్) వచ్చినవాడికి డేటాబేస్ ఎలాగూ తెలుసు, అక్కడి నుంచి డేటా ఇంజనీరింగ్ దగ్గర. ఈసీఈలో సిగ్నల్స్ బాగా చదివినవాళ్లకి మెషిన్ లెర్నింగ్‌లో ఉండే లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ కొత్తవి కావు. వెబ్ చేసినవాడు టెస్ట్ ఆటోమేషన్‌కి వెళ్తే పేజీ లోపల ఏముందో ముందే తెలుసు కాబట్టి సగం పని అయిపోయినట్టే.

కాలేజీలో ఉండగా చేతిలో ఉన్న దారులు కూడా చాలామంది వాడుకోరు. సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ నమూనా ప్రకారం మైనర్ డిగ్రీకి (మీ బ్రాంచ్‌తో పాటు ఇంకో సబ్జెక్టులో తీసుకునేది) 18 నుంచి 20 అదనపు క్రెడిట్లు కావాలి, మీ కాలేజీలో ఏ మైనర్లు ఉన్నాయో, అర్హతకి ఎంత సీజీపీఏ అడుగుతున్నారో రెండో ఏడాదిలోనే డిపార్ట్‌మెంట్‌లో కనుక్కో, తర్వాత అడిగితే గడువు అయిపోయిందంటారు. ఐఐటీల వాళ్లు ఆన్‌లైన్‌లో చెప్పే ఎన్‌పీటెల్ కోర్సులు జనవరిలో, జులైలో మొదలవుతాయి. నేర్చుకోవడం ఉచితం, పరీక్ష రాస్తేనే ఫీజు. అసైన్‌మెంట్లకి 25, పరీక్షకి 75 మార్కులు, సర్టిఫికెట్ రావాలంటే అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో కనీసం 30 రావాలి. సెంటర్‌కి వెళ్లి రాసే పరీక్ష కాబట్టి దానికి విలువ ఉంది. పీజీ ఆలోచన ఉంటే గేట్‌లో 2024 నుంచి డేటా సైన్స్, ఏఐకి విడిగా డీఏ పేపర్ పెట్టారు, మూడో ఏడాదిలోనే రాయొచ్చు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది.

కానీ వీటన్నిటికంటే పెద్ద అవకాశం ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్. దాన్ని బయట కొనుక్కొచ్చి బైండింగ్ చేయించి ఇచ్చేస్తారే, అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. కొత్త ట్రాక్‌లో నెలల తరబడి పనిచేసి, గైడ్ సంతకంతో చూపించుకునే వీలు అక్కడ ఒక్కచోటే ఉంది. బ్యాచ్‌లో నలుగురూ ఒప్పుకోకపోతే, ఉన్న ప్రాజెక్టులోనే నీకు కావలసిన ముక్క నువ్వు తీసుకో.

మన ఊరి వార్తలు చూసి దారి ఎంచుకునేటప్పుడు కొంచెం లోపలికి చూడు. 2025 అక్టోబరులో గూగుల్ ఇక్కడ ఏఐ హబ్ పెడతానని, ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు పెడతానని ప్రకటించగానే మా వీధిలో పిల్లలంతా ఏఐ కోర్సుల వైపు చూశారు. ఆ హబ్‌లో ముఖ్యమైనది డేటా సెంటర్, దాన్ని నడిపేది ప్రధానంగా కరెంటు, కూలింగ్, నెట్‌వర్కింగ్, సర్వర్ల నిర్వహణ. అంటే ఈఈఈ (ఎలక్ట్రికల్), మెకానికల్ పిల్లలు బ్రాంచ్‌ని తిట్టుకుంటూ పైథాన్ వెంట పడే ముందు, తమ సబ్జెక్టుకి లినక్స్, నెట్‌వర్కింగ్ జోడిస్తే ఎలా ఉంటుందో ఆలోచించాలి. అలాగే రుషికొండ ఐటీ కొండలు ఒక్కటే టెక్నాలజీ కాదు, మెడ్‌టెక్ జోన్‌లో వైద్య పరికరాలు తయారవుతాయి, అక్కడ ఎంబెడెడ్ వచ్చినవాడితో పని ఉంటుంది.

రెజ్యూమేలో 'పైథాన్, ఎస్‌క్యూఎల్, మెషిన్ లెర్నింగ్ తెలుసు' అని వరసగా రాస్తే ఎవరూ ఆగి చదవరు. 'రెండొందల మంది విద్యార్థుల ప్రయాణ వివరాలు సేకరించి, ఊళ్ల పేర్లలో తేడాలు సరిచేసి, ఏ ప్రాంతం వాళ్లకి ఎక్కువ సమయం పడుతోందో ఎస్‌క్యూఎల్‌తో లెక్కగట్టాను' అని రాస్తే ఇంటర్వ్యూలో తర్వాత ప్రశ్న దాని మీదే వస్తుంది, అది నీకు బాగా తెలిసిన విషయం. కోడ్‌ని అందరూ చూడగలిగే గిట్‌హబ్ సైట్‌లో పెట్టు. ట్రాక్ ఎందుకు మార్చావని అడిగితే పాతదాన్ని తిట్టకు, అక్కడ ఏం నేర్చుకున్నావో, ఇక్కడ అది ఎలా పనికొచ్చిందో చెప్పు.

ఇంట్లో చెప్పడం అన్నిటికంటే కష్టం, తెలుసు. నాన్నగారు స్టీల్‌ప్లాంట్‌లోనో డాక్‌యార్డ్‌లోనో ఒకే ఉద్యోగంలో పాతికేళ్లు చేసినవారైతే మార్చడం అన్న మాటే ఆయనకి నిలకడలేనితనంలా వినిపిస్తుంది. అందుకే 'మారిపోతాను నాన్నా' అని మొదలుపెట్టకు. చేసింది ల్యాప్‌టాప్‌లో చూపించి, 'ఇది నేనే చేశాను నాన్నా, ఇలాంటి పనికే ఈ ఉద్యోగాలు ఉన్నాయి, బ్రాంచ్ మారట్లేదు, డిగ్రీ ఆగదు, డబ్బు అడగట్లేదు' అను. ఆ చివరి మూడు మాటలు విన్నాక చాలా ఇళ్లలో గొంతు తగ్గుతుంది.

ఒక్క సందర్భంలో మాత్రం ఆగు. డ్రైవ్‌లు ఇంకో రెండు నెలల్లో ఉంటే, లేదా బ్యాక్‌లాగ్‌లు మిగిలి ఉంటే, ఇప్పుడు మార్చకు. బ్యాక్‌లాగ్ ఉంటే చాలా కంపెనీలు దరఖాస్తు దగ్గరే ఆపేస్తాయి, కొత్త ట్రాక్‌లో నువ్వెంత బాగా చేసినా అక్కడిదాకా వెళ్లదు. ముందు సప్లీలు క్లియర్ చేసుకో, వచ్చిన దారితోనే డ్రైవ్‌లు రాయి, ఆఫర్ చేతికొచ్చాక జాయినింగ్‌కి ముందు నెలలు ఖాళీగానే ఉంటాయి, ప్రయాణ వివరాలు అడిగే ఆ ఫారమ్ అప్పుడు పంపించు.